ఇంట్లో కాక్టస్ పూయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కాక్టస్ గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి వచ్చి ఆగేది ఒక్క మాట దగ్గరే: "బతికే ఉంది, పచ్చగానే ఉంది, మరి పూయదేం?" దానికి జవాబు చెప్పాలంటే ఎండ, నీళ్లు, మట్టి అన్నిటి గురించీ మాట్లాడాలి. అందుకే ఇది కాస్త పెద్దదైంది. తొందరలో ఉన్నవాళ్లు నేరుగా "పచ్చగా నిగనిగలాడుతోంది, పూయడం లేదు" అన్న ప్రశ్న దగ్గరికి వెళ్లిపోవచ్చు.

అన్ని రకాల కాక్టస్‌లూ పూస్తాయా?

పూస్తాయి. కాకపోతే పూసే వయసు రావాలి. మామిల్లేరియా, రెబూషియా లాంటి చిన్న రకాలు విత్తనం వేసిన 3, 4 ఏళ్లలోనే, ఇంకా నిమ్మకాయంత ఉండగానే పూలు పెడతాయి. పసుపు ముళ్లతో బంతిలా ఉండే గోల్డెన్ బ్యారెల్‌కి 20 ఏళ్లయినా పట్టొచ్చు, అదీ బాగా ఎండ దొరికితే. అరిజోనా ఎడారిలో చేతులు పైకెత్తి నిలబడినట్టుండే సగువారో మొదటి పువ్వు పూసేసరికి దాని వయసు 35 ఏళ్ల దాకా ఉంటుంది. కాబట్టి కొనేముందు ముళ్ల అందం చూసి మురిసిపోకుండా, అది ఏ రకమో కనుక్కోండి. పేరు తెలియని మొక్కకి సలహా చెప్పడం నాకూ కష్టమే.

నా దగ్గరున్నది అసలు కాక్టసేనా?

ముళ్లున్నంత మాత్రాన కాక్టస్ కాదు. ముల్లు ఎక్కడి నుంచి వస్తోందో దగ్గరగా చూడండి. కాక్టస్ అయితే ముళ్ల మొదట్లో చిన్న దూది మెత్త లాంటి చుక్క ఉంటుంది, దాన్ని ఏరియోల్ అంటారు. ముళ్లు, పూలు, పిలకలు దాదాపు అన్నీ ఆ మెత్తల దగ్గరి నుంచే వస్తాయి. ఇంకే మొక్కల కుటుంబానికీ ఈ ఏర్పాటు లేదు. కాండం మీద నేరుగా ముల్లు మొలిచి ఉంటే అది చాలావరకు యుఫోర్బియా, అంటే మన బొమ్మజెముడు తరహా మొక్క. గీరితే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. అయితే "పాలు కారితే కాక్టస్ కాదు" అని గుడ్డిగా అనుకోకండి, కొన్ని మామిల్లేరియాలకీ పాలుంటాయి. మెత్త చూడటమే సరైన పద్ధతి.

కొన్నప్పుడే పువ్వుంది. నెలలు గడిచినా వాడలేదు. ఇదేం రకం?

అది జిగురు రకం! నవ్వకండి, నేనూ మోసపోయాను. ఓ నర్సరీలో చిన్న మామిల్లేరియా నెత్తిన పసుపు పువ్వు చూసి ముచ్చటపడి తెచ్చుకున్నాను. రోజూ పొద్దున్నే చూసి మురిసిపోయేదాన్ని. నీళ్లు తగిలితే ముడుచుకునేది, ఆరితే విచ్చుకునేది, ఇంకేం అనుమానం వస్తుంది? ఐదో నెలలో బ్రష్‌తో దుమ్ము దులుపుతుంటే పువ్వు ఊడి చేతిలోకొచ్చింది. దాని అడుగున బఠాణీ గింజంత గట్టిపడిన జిగురు, ఆ జిగురుకి అతుక్కుని నాలుగు ముళ్లు. అవి స్ట్రాఫ్లవర్ అనే మొక్క ఎండు పూలు. రేకులు కాగితంలా ఉంటాయి, ఎండిపోయాక కూడా తడికి ముడుచుకుంటాయి. వేడి జిగురుతో అంటించి అమ్ముతారు.

మీ మొక్కకి అలాంటిది ఉంటే పట్టకారుతో కొంచెం కొంచెంగా కదిపి తీసేయండి. కొత్తగా పెరిగే చోటు సరిగ్గా ఆ నడినెత్తే, అక్కడ జిగురు కూర్చుంటే మొక్క వంకర పోతుంది.

ఆకుపచ్చ కాడ మీద ఎర్రగానో పసుపుగానో బంతిలా కూర్చుని ఉండే మూన్ కాక్టస్ సంగతి వేరు. ఆ ఎరుపు పువ్వు కాదు. అది పత్రహరితం లేని జిమ్నోకాలీసియం, సొంతంగా బతకలేదు కాబట్టి ఇంకో కాక్టస్ మీద అంటు కట్టి ఉంటుంది. కింద కాడ బతికినన్నాళ్లే పైదీ బతుకుతుంది.

మొదటిసారి పెంచుతున్నాను. ఏది తీసుకోవాలి?

ముందు మీ ఇంట్లో ఎండ ఎంత వస్తుందో చూసుకోండి. పూసే కాక్టస్‌లు స్థూలంగా రెండు జట్లు. ఒకటి ఎండలో, రాళ్లలో పెరిగే ఎడారి జట్టు: మామిల్లేరియా, రెబూషియా, పరోడియా, ఎకినాప్సిస్. రెండోది అడవి జట్టు: చెట్ల కొమ్మల మీద, ఆకుల నీడలో పెరిగే క్రిస్మస్ కాక్టస్, మనం బ్రహ్మకమలం అని పిలుచుకునేది. ఈ రెండు జట్లకీ నీళ్లు, ఎండ, మట్టి అన్నీ తేడాయే. చాలామంది క్రిస్మస్ కాక్టస్‌ని "కాక్టసే కదా" అని మండుటెండలో పెట్టి నీళ్లు మానేసి చంపుకుంటారు.

కిటికీ దగ్గర 4, 5 గంటలు నేరుగా ఎండ పడుతుందంటే మామిల్లేరియా తీసుకోండి. ఎండ తక్కువైతే జిమ్నోకాలీసియం. ఎడారి జట్టులో నీడకి కాస్త ఓర్చుకునేది అదే. ఆ పేరుకి గ్రీకులో అర్థం బోసి మొగ్గ. నిజంగానే దాని మొగ్గ మీద ముల్లుగానీ నూగుగానీ ఉండదు, నున్నగా ఉంటుంది. నేరుగా ఎండే రాదు, వెలుతురు మాత్రం ఉందంటే క్రిస్మస్ కాక్టస్. వెలుతురు కూడా అంతంతమాత్రమైతే కాక్టస్ వద్దు, మీకూ దానికీ ఇద్దరికీ టెన్షన్.

ఎండ సరిపోతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మొక్కే చెబుతుంది. గుండ్రంగా ఉండాల్సింది నెత్తి దగ్గర సన్నబడి, లేత రంగులో, ముళ్లు దూరం దూరంగా పొడుగు సాగుతోందంటే వెలుతురు చాలడం లేదు. అలా సాగిన భాగం మళ్లీ లావెక్కదు. ఇకమీదటైనా సరిగ్గా పెరుగుతుంది, అంతే.

అలాగని ఒక్కరోజులో తీసుకెళ్లి ఎర్రటి ఎండలో పెట్టకండి. నీడకి అలవాటుపడిన కాక్టస్‌కి ఎండ దెబ్బ తగులుతుంది. ఎండవైపు తెల్లగా పాలిపోయి, తర్వాత గోధుమరంగు బెరడులా గట్టిపడుతుంది. ఆ మచ్చ జీవితాంతం పోదు. రెండు వారాల పాటు రోజుకి కాస్త కాస్త ఎండ పెంచుకుంటూ పోవాలి.

ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి?

రోజుల లెక్క అడక్కండి. ఈ లెక్కతోనే ఎక్కువ మొక్కలు పోతాయి. పదిరోజులకోసారి అని ఎవరో చెబుతారు, మీరు క్యాలెండర్‌లో గీత పెట్టుకుంటారు, ఆ పదోరోజు మబ్బు పట్టి మట్టి ఇంకా తడిగా ఉంటుంది. అయినా పోస్తారు.

పద్ధతి ఇది: పోసినప్పుడు కుండీ అడుగు రంధ్రం నుంచి కారేదాకా బాగా పోయాలి. పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయాలి. ఆ తర్వాత మట్టి అడుగుదాకా పూర్తిగా ఎండేవరకు చుక్క కూడా పోయకూడదు. పైన పొడిగా ఉన్నా లోపల తడి ఉండొచ్చు కాబట్టి ఒక సన్నటి వెదురు పుల్ల కుండీ అంచున అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీసి చూడండి. పుల్లకి మట్టి అంటినా, పుల్ల చల్లగా తగిలినా ఇంకా ఆగాలి. కొన్నాళ్లకి పుల్ల కూడా అక్కర్లేదు, కుండీ ఎత్తగానే బరువుని బట్టి తెలిసిపోతుంది.

రోజూ స్పూనుడు నీళ్లు పోసే అలవాటుంటే మానేయండి. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, కింది వేళ్లకి నీళ్లే అందవు. కాండం మొదలు కుళ్లడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

నిలువు మడతలున్న కాక్టస్ అయితే ఒకటి గమనించండి. నీళ్లు తగ్గినప్పుడు మడతలు హార్మోనియం తిత్తిలా దగ్గరికి ముడుచుకుంటాయి, పోసిన రెండు మూడు రోజులకి మళ్లీ ఉబ్బుతాయి. ముడుచుకోవడం చూసి కంగారుపడాల్సింది లేదు, అవి ఉన్నదే అందుకు. నీళ్లు పోశాక కూడా వారం దాటినా ఉబ్బలేదంటే అప్పుడు అనుమానించాలి: వేళ్లు పోయాయేమోనని.

అడవి జట్టుకి మాత్రం ఇంత ఎండబెట్టకూడదు. పైన రెండు సెంటీమీటర్ల మట్టి ఆరగానే పోసేయాలి.

మట్టి ఎలా కలపాలి? కుండీ ఎంత ఉండాలి?

ఎడారి జట్టుకి మామూలు కుండీ మట్టి సగం, నీళ్లు నిలవనివ్వనిది సగం: పెర్లైట్, ప్యూమిస్, చిన్న కంకర, ముతక ఇసుక, ఏది దొరికితే అది. సన్న ఇసుక వద్దు. అది మట్టి సందుల్లో దూరి సిమెంటులా గట్టిపడుతుంది. పిడికెడు తడి మట్టి తీసి గట్టిగా నొక్కి వదిలితే ముద్దగా ఉండకుండా విడిపోవాలి, అదే పరీక్ష. అడవి జట్టుకి కోకోపీట్, బెరడు ముక్కలు ఎక్కువగా, పెర్లైట్ కొంచెం కలిపితే సరిపోతుంది.

కుండీ మొక్క కంటే చుట్టూ ఒక వేలు ఎక్కువ ఉంటే చాలు. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని పెద్ద కుండీలో పెడితే వేళ్లు చేరని మట్టి వారాల తరబడి తడిగా ఉండిపోతుంది. మట్టి కుండీ త్వరగా ఆరుతుంది, ప్లాస్టిక్ ఆలస్యంగా. రెండూ పనికొస్తాయి. అడుగున రంధ్రం లేని అందమైన పింగాణీ గిన్నెలు మాత్రం వద్దేవద్దు.

పచ్చగా నిగనిగలాడుతోంది, పూయడం లేదు. ఏం లోపం?

లోపం ఏమీ లేదు, బహుశా ఏడాది పొడుగునా సుఖంగా ఉండటమే లోపం. ఎడారి కాక్టస్‌కి ఏడాదిలో కొన్ని నెలలు విశ్రాంతి కావాలి, అంటే చలి, పొడి. పెరుగుదల పూర్తిగా ఆగాలి. ఆ ఆగిన నెలల్లోనే మొగ్గలకి ఏర్పాట్లు జరుగుతాయి. మనమేమో చలికాలంలో కూడా మొక్కని వెచ్చటి గదిలో పెట్టి, పాపం దాహమేస్తుందేమో అని నీళ్లు పోస్తూనే ఉంటాం. అది పచ్చగా పెరుగుతూనే ఉంటుంది, పువ్వు మాట మర్చిపోతుంది.

చలి మొదలయ్యాక నీళ్లు క్రమంగా తగ్గించి ఆపేయండి. 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉండే చోటు, బాగా వెలుతురున్నది, దొరికితే మరీ మంచిది. అంత చల్లటి చోటు లేకపోయినా కనీసం పొడిగా ఉంచండి, చాలా మామిల్లేరియాలు దానికే పూస్తాయి. రెండు మూడు నెలలు నీళ్లు లేకపోతే మొక్క కాస్త కుంచించుకుపోతుంది, రంగు మందగిస్తుంది. చూడటానికి జాలేస్తుంది. ఆ జాలి పడకుండా ఉండటమే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన పని. మొదటి ఏడాది నావల్ల కాలేదు. దొంగచాటుగా ఒక కప్పు పోశాను, ఆ ఏడూ పువ్వు లేదు.

పగలు పొడవై, వాతావరణం వెచ్చబడ్డాక కొంచెంగా మొదలుపెట్టి, రెండో విడత నుంచి బాగా పోయండి. అప్పుడు చూడండి: మామిల్లేరియాకి నెత్తి చుట్టూ కిరీటంలా, రెబూషియాకి అడుగున మట్టి దగ్గర మొగ్గలు బయటికి వస్తాయి.

ఇంకో మాట. మామిల్లేరియా పూలు పోయిన ఏడాది పెరిగిన భాగం మీద వస్తాయి. నెత్తిన కాకుండా కాస్త కిందుగా వలయంలా రావడం అందుకే. అంటే పోయిన వేసవిలో ఎండ, నీళ్లు సరిగ్గా అందక పెరగకపోతే ఈ ఏడు పూయడానికి చోటే ఉండదు. విశ్రాంతి ఎంత ఇచ్చినా లాభం లేదు.

క్రిస్మస్ కాక్టస్‌కి కూడా ఇదే పద్ధతా?

కాదు. దీనికి కావాల్సింది చీకటి. శాస్త్రీయంగా ష్లుంబర్గెరా అనే ఈ మొక్క ఆగ్నేయ బ్రెజిల్ కొండ అడవుల్లో చెట్ల మీద, నాచు పట్టిన రాళ్ల మీద పెరిగేది. రాత్రులు పొడవైతేనే మొగ్గ వేస్తుంది. బ్రెజిల్ వాళ్లకి ఆ కాలం మేలో వస్తుంది, అందుకే అక్కడ దాని పేరు "మే పువ్వు". క్రిస్మస్ అన్నది ఉత్తరార్ధగోళం వాళ్లు పెట్టుకున్న పేరు.

మొగ్గ కోసం వరసగా 6 వారాలు, రోజుకి 13, 14 గంటలు ఏకధాటిగా చీకటి ఉండాలి. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గరుంటే పని తేలిక. ఏకధాటిగా అన్నది ముఖ్యం. హాల్లో కిటికీ పక్కన పెట్టి రాత్రి పదకొండు దాకా లైటు వేసుకుని టీవీ చూస్తే దానికి రాత్రి మొదలయ్యేదే పదకొండింటికి. రాత్రిళ్లు వాడని గదిలో పెట్టండి. లేదా సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున్నే ఎనిమిదింటికి తీయండి. పగలు మాత్రం మంచి వెలుతురు కావాలి. మొగ్గలు బియ్యపు గింజంత అయ్యాక పెట్టె అక్కర్లేదు.

మొగ్గలు వచ్చాయి, కానీ విచ్చకుండానే రాలిపోతున్నాయి!

మొగ్గలున్న మొక్కని కదిపారా? ఆనందంతో తీసుకెళ్లి అందరికీ కనపడేలా హాల్లో పెట్టారా? చాలాసార్లు కారణం అదే. వెలుతురు వచ్చే దిశ, గాలి, వేడి ఒక్కసారిగా మారితే క్రిస్మస్ కాక్టస్ మొగ్గలు వదిలేస్తుంది. మట్టి పూర్తిగా ఎండిపోయినా, నీళ్లు నిలిచినా అంతే. పక్కన పండ్ల బుట్ట ఉన్నా రాలొచ్చు, పండే పండ్ల నుంచి ఎథిలీన్ వాయువు వస్తుంది.

బ్రహ్మకమలం కూడా కాక్టసేనా?

మనవాళ్లు కుండీల్లో పెంచుకుంటూ, రాత్రి పూసే తెల్లటి పెద్ద పువ్వుకి బ్రహ్మకమలం అంటున్నారే, అది కాక్టసే. ఎపిఫిల్లం ఆక్సిపెటాలం దాని పేరు, పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో ఎత్తుమీద పెరిగే సస్సూరియా, పొద్దుతిరుగుడు కుటుంబానిది. రెంటికీ చుట్టరికమే లేదు.

ఈ ఎపిఫిల్లం "ఆకు అంచున పువ్వు పూస్తుంది" అని ఆశ్చర్యపోతారు గానీ అది ఆకు కాదు, చదునుగా మారిన కాండం. అంచున నొక్కు ఉన్న చోట ఏరియోల్ ఉంటుంది, మొగ్గ వచ్చేది అక్కడే. మొగ్గ కొన్ని వారాలు కిందికి వేలాడుతుంది. విచ్చే ముందు కాడ కొక్కెంలా వంగి మొగ్గ మొహం పైకెత్తుతుంది, బాగా ఉబ్బుతుంది. అలా కనిపించిన రాత్రి నిద్ర మానుకోవచ్చు. ఎనిమిది, తొమ్మిదికి మొదలై అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుతుంది, గది నిండా వాసన. తెల్లారేసరికి తడిగుడ్డలా వేలాడిపోతుంది. పొడుగ్గా పెరిగిన కొమ్మలు అడ్డమొస్తున్నాయని కత్తిరించకండి, ముదిరిన కొమ్మలకే పూలు.

ఎకినాప్సిస్ పువ్వు ఒక్కరోజుకే వాడిపోయింది. తప్పు నాదా?

కాదు. దాని ఆయుష్షే అంత. చాలా ఎకినాప్సిస్‌లు సాయంత్రం విచ్చి మర్నాటికి వాడిపోతాయి. పరోడియా, మామిల్లేరియా పూలు కొన్ని రోజులుంటాయి, సాయంత్రం ముడుచుకుని ఎండ రాగానే విచ్చుకుంటాయి. మబ్బు రోజు అసలు తెరవకపోవచ్చు.

ఎరువు వేయాలా?

పెరిగే కాలంలో నెలకోసారి, డబ్బా మీద రాసిన మోతాదులో సగం. నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్నది చూసుకోండి, టమాటా మొక్కలకి వాడే ద్రవ ఎరువు సరిపోతుంది. నత్రజని ఎక్కువైతే ఒళ్లు మెత్తబడి ఉబ్బుతుంది, పురుగు కూడా త్వరగా పడుతుంది. విశ్రాంతి నెలల్లో ఎరువు వద్దు.

ముళ్ల మధ్య తెల్లటి దూదిలా కనిపిస్తోంది. ఏరియోల్ దూదేనా?

ఏరియోల్ దూది వరసగా, ఒకే దూరంలో ఉంటుంది. సందుల్లో ఎక్కడపడితే అక్కడ జిగటగా అంటుకుని ఉంటే పిండినల్లి. దూదిపుల్లని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ తుడవండి. వారానికోసారి, కనీసం నాలుగు వారాలు, ఎందుకంటే గుడ్లు మిగిలిపోతాయి. తుడిచాక బాగా ఆరేదాకా ఎండలో పెట్టకండి. పైన ఏమీ కనిపించకపోయినా మొక్క ఎదగక నీరసంగా ఉంటే కుండీలోంచి తీసి వేళ్లు చూడండి, వేళ్లకి పట్టే పిండినల్లి వేరే ఉంది. అప్పుడు మట్టంతా పారేసి, వేళ్లు కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటాలి.

అడుగుభాగం గోధుమరంగులోకి మారుతోంది. కుళ్లా?

పెన్సిల్ వెనకవైపుతో నొక్కి చూడండి. గట్టిగా, చెట్టు బెరడులా ఉంటే వయసు లక్షణం, వదిలేయండి. మెత్తగా లోపలికి దిగితే కుళ్లు. ఆలస్యం చేయకుండా ఆల్కహాల్‌తో తుడిచిన కత్తితో అడ్డంగా కోయండి. కోసిన చోట మధ్యలో ఒక్క గోధుమరంగు చుక్క కూడా కనపడకూడదు. కనపడితే కత్తి మళ్లీ తుడిచి ఇంకొంచెం పైకి కోయాలి. శుభ్రమైన పై ముక్కని నీడలో, గాలి తగిలే చోట రెండు వారాలు ఆరనిచ్చి, పొడి మట్టి మీద నిలబెట్టండి. వేళ్లు రావడానికి వారాలు పట్టొచ్చు. ఊరికే కదిపి చూడకండి.

ముళ్లు గుచ్చుకోకుండా కుండీ మార్చడం ఎలా?

పాత న్యూస్‌పేపర్‌ని పొడుగ్గా మడిచి నడుముకి బెల్టులా చుట్టి, రెండు కొసలూ కలిపి పట్టుకుని ఎత్తండి. మట్టి పొడిగా ఉన్నప్పుడే మార్చాలి, మార్చాక వారం దాకా నీళ్లు పోయొద్దు. తెగిన వేళ్లు ఆరాలి.

నాగజెముడు జాతివి, ముఖ్యంగా కుందేలు చెవుల్లా ఉండే రకం, ముళ్లు లేనట్టే కనిపిస్తాయి. నమ్మకండి. ఆ మెత్తటి చుక్కల్లో వందల కొద్దీ సన్నటి కొక్కేల ముళ్లుంటాయి. గుచ్చుకుంటే రుద్దొద్దు, కనిపించినవి పట్టకారుతో తీసి, మిగిలినవాటి మీద తెల్ల జిగురు పలచగా రాసి ఆరాక పొరలా లాగేయండి.

ఒక మొక్క నుంచి ఇంకోటి చేయొచ్చా?

పిలకలు వేసే రకాలైతే పిలకని మెల్లగా తిప్పి విడదీసి, వారం ఆరబెట్టి నాటండి. క్రిస్మస్ కాక్టస్‌కి 2, 3 కణుపుల ముక్క తుంచి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, ఒక కణుపు సగం మట్టిలో ఉండేలా గుచ్చితే చాలు.

కంప్యూటర్ పక్కన పెడితే రేడియేషన్ పీల్చేస్తుందట?

పీల్చదు. అక్కడ ఎండ ఉండదు కాబట్టి పూయదు కూడా.

మామిల్లేరియా పూలు పోయి నెలలైంది. ఇప్పుడు ఎర్రటి బుల్లి మిరపకాయలు లాంటివి వచ్చాయి. రోగమా?

కాయలు! చాలాసార్లు పువ్వు రాలిన ఎన్నో నెలలకి, ఒక్కోసారి మరుసటి ఏడాది, హఠాత్తుగా బయటికి తోసుకొస్తాయి. కొన్ని రకాలు తమ పుప్పొడితోనే కాయ కడతాయి, కొన్నిటికి పక్కన అదే రకం మొక్క ఇంకోటి పూసి ఉండాలి. కాయ కాస్త వడిలాక లాగితే తేలిగ్గా ఊడొస్తుంది. చిదిపితే ఆవగింజకంటే చిన్న గింజలు పదుల్లో ఉంటాయి. టిష్యూ కాగితం మీద ఆరబెట్టి, తడి మట్టి మీద చల్లండి, పైన మట్టి కప్పొద్దు. కుండీకి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలో, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచితే రెండు మూడు వారాల్లో ఆకుపచ్చ గుండుసూది తలల్లాంటివి మొలుస్తాయి. మొదట్లో నున్నగా ఉంటాయి, ఇవి కాక్టస్‌లేనా అనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూడండి, నెత్తిన వెంట్రుకంత తెల్లటి ముళ్లు అప్పటికే మొదలై ఉంటాయి.